గాజుమూత

బిస్కెట్ల డబ్బా మూత తీస్తే లోపల బిస్కెట్లు లేవు, మనుషులున్నారు. గుప్పెడు మంది. ఒక్కొక్కడు చిటికెన వేలి కొసంత. అందరూ కూర్చునే ఉన్నారు, కింద కుర్చీ లేకుండానే. తలకు తోలు టోపీలు, ఒళ్ళో చేతులు, బూడిద రంగు ప్లాస్టిక్ మొహాలు. ఎవరో పిలుస్తారని ఆస్పత్రి వరండాలో ఎదురుచూస్తున్నవాళ్ళలా ఉన్నారు.

"వీళ్ళెవరండీ?" అంది ఆమె.

"పైలట్లు," అన్నాడు ఆమె భర్త, బల్ల మీంచి తలెత్తకుండానే.

"డబ్బాలో ఎందుకున్నారు?"

"ప్రతి కిట్టుతోనూ ఒకడొస్తాడు. నేను పెట్టను."

"మరి విమానం ఎవరు నడుపుతారు?"

"ఎవరూ నడపరు. బీరువా మీద ఉంటుంది."

ఆ గదిలోకి ఇన్నేళ్ళలో ఆమె వెళ్ళింది చీపురుతోనే. ఆ చీపురు కూడా ఎక్కడిదాకా రావచ్చో, ఎక్కడ ఆగిపోవాలో ఆయన ముందే చెప్పేవాడు. వర్క్‌షాపులో పగలంతా లేత్ మిషను మీద ఇనుము తిప్పి, ఇంటికొచ్చాక ఈ గదిలో పాత యుద్ధకాలం నాటి బొమ్మ విమానాలు అతికించుకుంటూ కూర్చునేవాడు. అసలుదానికి నలభై ఎనిమిదో వంతు అని చెప్పేవాడు. ఆమెకు మాత్రం దుమ్ము పట్టే వస్తువుల్లో అవీ ఒకటి. అలాంటిది ఆ సాయంత్రం ఆయనే గుమ్మం దగ్గరికొచ్చి, "నీకు పనేమీ లేదుగా, ఓసారి ఇటురా," అన్నాడు. దర్జీ షాపులో పొద్దుట్నుంచీ కాజాలు కుట్టి వచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి అప్పుడే చెయ్యి తుడుచుకుంటున్న మనిషికి పనేమీ లేదట. ఆమె కోప్పడదామనుకుంది గానీ ఆ గదిలో ఏముందో చూడాలన్న కుతూహలం కోపం కంటే ముందే లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం ప్రదర్శన. ఊళ్ళో ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఏడాదికోసారి ఓ బడి హాల్లో తమ విమానాలు పెట్టుకుంటారు. ఈసారిది ఒంటి సీటు యుద్ధవిమానం, అరచేతికి కాస్త పెద్దది. రెక్కలు, తోక అతికించడమైంది. అతుకుల్లో లప్పం నింపి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగులు కూడా వేశాడు. పైన ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు, కింద లేత ఆకాశం రంగు. మధ్యలో పైలట్ కూర్చునే గుంట ఒకటి ఖాళీగా ఉంది.

"సీటుకి బెల్టులు కట్టాలి. నీకు చేతనవుతుందేమో చూడు," అన్నాడు.

పల్చటి సీసపు రేకుని బియ్యపుగింజ కంటే సన్నగా చీల్చిన ముక్కలున్నాయి. వాటికి బకిల్సు చెయ్యాలి. రాగితీగని సూది చుట్టూ తిప్పి, చదును చేసి, అందులోంచి రేకు దూర్చి వెనక్కి మడవాలి. ఆయన చేసి చూసినట్టున్నాడు, బల్ల మూల నలిగిపోయిన రేకులు బోలెడున్నాయి. ఆమె వాటిని చూసింది, అడగలేదు. పట్టకారు తీసుకుని, మోచెయ్యి బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి మొదటిది దూర్చింది. దూరింది. కాజా గుండ్రం తిప్పేటప్పుడు వేళ్ళు ఎలా ఆగుతాయో ఇక్కడా అలాగే ఆగాయి. రెండోదానికి ఆమెకు సరదా పుట్టింది.

"మనిషిని ఎందుకు పెట్టరండీ?"

"పెడితే సీటు కనబడదు, వెనక పలక కనబడదు, ఈ బెల్టులూ కనబడవు. ఇంత చాకిరీ చేసి వాడి వీపు చూపించమంటావా?"

"మనిషి లేకుండా బెల్టు ఎవరికండీ?"

ఆయన ఇంకో రేకు ముక్క ఆమె ముందుకి జరిపాడు.

"ఎటువైపునుంచి ఎక్కేవాడు?"

"ఎడం రెక్క మీంచి."

"మూత వేసుకుంటే ఉక్కపోయదూ?"

"పైకెళితే చలి. కిందున్నప్పుడు ఈ మధ్య ముక్క వెనక్కి జరుపుకుంటాడు. ముందుదీ వెనకదీ కదలవు."

"ఇన్ని మీటర్లు చూస్తూ కూర్చుంటే బయటికి ఎప్పుడు చూస్తాడు?"

ఆయన మొదటిసారి పని ఆపి ఆమె వైపు తిరిగాడు. "బయటికే చూస్తాడు. మీటర్లు అలవాటు మీద చూస్తాడు," అన్నాడు. ఆ తర్వాత అడగకుండానే చెప్పుకుపోయాడు, ఏ పిడి దేనికో, ఏ మీటరు ఏం చూపిస్తుందో. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన ఇంతసేపు మాట్లాడిన గుర్తు ఆమెకు లేదు. బెల్టులు సీటుకి అంటించడం పూర్తయ్యాక ఆయన వంగి చూశాడు. చూశాడంటే చూడలేదు. వేలికొసతో ఒకసారి తడిమాడు.

"బాగానే ఉంది," అన్నాడు. ఆ నోటినుంచి అంత వస్తే బిరుదు వచ్చినట్టే.

మర్నాడు సాయంత్రం ఆ గుంట మీద కప్పే గాజుమూత వంతు. పేరుకి గాజు గానీ పల్చటి ప్లాస్టిక్, మూడు ముక్కలు. మూత తెరిచి పెడదామంది ఆమె, బెల్టులు బాగా కనబడతాయని ఆశ. ఆయన ఒప్పుకోలేదు. మూత తెరిచి పెట్టేవాళ్ళు అతుకు సరిగ్గా కుదరక తప్పించుకున్నవాళ్ళట. మూడు ముక్కలూ మూసి, సందు కనబడకుండా కూర్చోబెడితేనే పనితనమట. మగవాళ్ళు ఎంత చిన్న వస్తువు మీదైనా ఎంత పెద్ద పౌరుషమైనా ఎక్కించగలరని ఆమెకు ఆ పూట తెలిసింది.

"తెల్ల జిగురే వాడాలి. ఆరితే నీళ్ళలా తేటగా అయిపోతుంది. చిటికెలో అంటుకుపోయే ఆ చిటికె జిగురు దీని దగ్గరికే రాకూడదు. దాని ఆవిరి తగిలితే గాజు మసకబారిపోతుంది," అని చెప్పి, తెల్ల జిగురు సీసా ఆయనే అందించాడు. రెండు జిగుర్లనీ ఆయన ఒకేలాంటి చిన్న సీసాల్లోకి ఒంపుకుంటాడు. సన్న మూతి ఉంటుంది కాబట్టి వాడటం సులువు. తేడా అంతా సీసా మీద అంటించిన చీటీలోనే.

ఆమె సూదిమొనతో జిగురు తీసి, గుంట అంచు చుట్టూ వెంట్రుకంత గీతలా రాసింది. పట్టకారుతో ఒక్కో ముక్కా ఎత్తి దించింది. చక్కగా కూర్చున్నాయి. ఆయన గోటితో అంచు వెంబడి తడిమాడు.

"ఇక్కడ కాస్త లేచింది."

"లేవలేదండీ."

"నీకు తెలీదులే," అని పక్కనున్న వరసలోంచి ఓ సీసా తీసుకుని, మధ్య ముక్క కింద రెండుచోట్ల చుక్క పెట్టాడు. ఆమె చెయ్యి కడుక్కుని తిరిగొచ్చేసరికి గదిలో ఏదో ఘాటు వాసన, కళ్ళు కాస్త చురుక్కుమన్నాయి. ఏ రంగు వాసనో అనుకుంది. దుమ్ము పడకుండా ఆయన విమానం మీద పెద్ద గాజు గిన్నె బోర్లించాడు.

ఆ మర్నాడు ఆయన స్నేహితులిద్దరు ముందుగా ఓ చూపు చూసిపోదామని వచ్చారు. ఒకాయన ఆయన వర్క్‌షాపులోనే తనిఖీ ఇన్‌స్పెక్టరు. లేత్ మీంచి దిగిన ప్రతి ముక్కనీ కొలిచి సంతకం పెడతాడు. ప్రదర్శనలో విమానాల్ని కూడా కొలుస్తాడు కాబట్టి అందరూ కొలబద్ద అంటారు. రెండో ఆయన డ్రాయింగు మాస్టారు. విమానాలకి ఇంజను పొగ మరకలు వెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు, అందుకని పొగ మాస్టారు. ఆమె టీ పట్టుకుని వచ్చేసరికి భర్త గాజు గిన్నె ఎత్తుతున్నాడు.

గాజుమూత మీద లోపలివైపు తెల్లటి పొర పట్టేసి ఉంది, చలికాలం పొద్దున కిటికీ అద్దానికి పట్టినట్టు. సీటు లేదు, మీటర్లు లేవు, బెల్టులు లేవు. నెలల తరబడి చేసిన పనంతా ఆ పొర వెనక పూడిపోయింది.

"చిటికె జిగురు!" అన్నాడు కొలబద్ద. "ఎవరు వేశారయ్యా?"

ఆయన గిన్నె బల్ల మీద పెట్టాడు. తర్వాత, "మా ఆవిడ వేసింది జిగురు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మామూలుగా అన్నాడు.

"నేను వేసింది తెల్ల జిగురండీ," అంది ఆమె.

"చెప్పకపోయావా మరి, ఏది వాడాలో?" అన్నాడు కొలబద్ద ఆయనతో.

"చెప్పాను," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

"పోన్లెండి, చెల్లెమ్మకేం తెలుసు పాపం," అని పొగ మాస్టారు మంచి మనసుతో సర్దిచెప్పాడు. ఆ మంచి మనసుకే ఆమెకు ఎక్కువ మండింది. తిట్టినా ఊరుకునేదేమో. టీ పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. షాపులో ఆమె కుట్టిన కాజాని ఇన్నేళ్ళలో ఎవరూ విప్పి మళ్ళీ కుట్టలేదు. "ఆవిడ చెయ్యి పడితే చూడక్కర్లేదు," అంటాడు దర్జీ. పేరో, పరువో, ఆమెకున్నది ఆ చెయ్యే. దాన్ని పట్టుకుని ఆయన ఇద్దరి ముందు ఓ మాట అని పారేశాడు.

షాపులో మర్నాడంతా ఆమె చేతులు చొక్కాల మీదున్నాయి, బుర్ర సీసాల మీదుంది. తను వేసింది తెల్లదే. మరి మసకెలా వచ్చింది? తెల్ల జిగురుకీ అలా పడుతుందా? పైన ఆయన పెట్టిన చుక్క ఏ సీసాలోది? ఆ ఘాటు వాసన దేనిది? తలనొప్పి వస్తే మాత్ర తీసుకుంది. మాత్ర మింగాక చేతిలో ఖాళీ పట్టీ మిగిలింది. మాత్రలుండే బుడగ గుండ్రంగా, తేటగా, అచ్చం ఆ గాజుమూతలాగే ఉంది. ఆమె కాసేపు దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. కత్తెరతో రెండు బుడగలు కత్తిరించి కొంగున ముడేసుకుంది.

ఇంటికెళ్ళి ఆయన రాకముందే రెండు అట్టముక్కల మీద ఆ బుడగలు అంటించింది. ఒకటి తెల్ల జిగురుతో, ఒకటి చిటికె జిగురుతో. రెండిటి మీదా గ్లాసులు బోర్లించింది. వంట చేస్తున్నంతసేపూ వెళ్ళి చూసి వస్తూనే ఉంది. తెల్లవారి గ్లాసులెత్తితే ఒక బుడగ తేటగా ఉంది. రెండోది పాలు కలిపినట్టుంది. ఆ వాసన కూడా మొన్నటిదే.

గెలిచినట్టనిపించాలి నిజానికి. కానీ ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. జిగురు గురించి తనకే పాఠం చెప్పిన మనిషి ఆ సీసా ఎందుకు తీశాడు?

ఆయన బూట్లు తొడుక్కుంటుంటే రెండు సీసాలూ తెచ్చి ముందు పెట్టింది.

"తెల్ల జిగురు ఏదండీ?"

ఆయన ఒక సీసా ఎత్తి, ఊపి, ముక్కు దగ్గర పెట్టుకోబోయాడు. ఆమె మణికట్టు పట్టుకుంది. "వాసన చూసి కాదు. చదివి చెప్పండి."

ఆయన దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. కిటికీ వైపు తిప్పి చూశాడు. "వెలుతురు చాల్లేదు," అన్నాడు. బయట ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చి ఆయన బూట్ల మీదే పడుతోంది.

"ఎప్పట్నుంచి?"

ఆయన సీసా ఒళ్ళోకి దించుకుని, "ఎడమది ఎప్పట్నుంచో. కుడిది ఈ మధ్యే. పొగమంచులో ఉన్నట్టుంటుంది," అన్నాడు.

"లేత్ మీద?"

"చేతికి అలవాటే."

"కొలత?"

"కొలబద్ద చూస్తాడుగా, తేడా ఉంటే పట్టుకుంటాడు. ఈ సంగతి తెలిస్తే మాత్రం ఆ రోజే మిషను మీంచి దింపేస్తాడు. ముప్పయ్యేళ్ళ మిషను అది," అన్నాడు, సీసాని అటూ ఇటూ తిప్పుతూ.

ఆమెకు ఆ తిరిగే ఇనుము, దాని పక్కన ఆయన వేళ్ళు కళ్ళముందు మెదిలాయి. జాలేసింది. జాలేసినంత మాత్రాన కోపం పోలేదు. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

"సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. అది మీ కంటి సంగతి. నా చేతి సంగతి వేరే ఉంది. ఆ మాట ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలి."

"కొలబద్ద ముందా?"

"అనేటప్పుడు ఆయన ముందే అన్నారుగా."

"ఎలా చెప్పను? కన్ను సంగతి చెప్పకుండా అది చెప్పలేనుగా."

"అది మీరు చూసుకోండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను," అని రెండు బుడగలూ కాగితంలో చుట్టి తన సంచిలో వేసుకుంది.

ఆయన ఆ రోజు పనికి సెలవు పెట్టాడు. ఆమె కూడా షాపుకి కబురు పంపింది. మధ్యాహ్నమంతా ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. దారాలు కోసే సగం బ్లేడు తెచ్చుకుంది ఆమె. ఎటునుంచి ఎటు కొయ్యాలో ఆయన చెప్పాడు. మధ్య ముక్క అంచులో బ్లేడు మొన దించి, నెట్టకుండా, రంపంలా ఆడించింది. చిటికె జిగురు గట్టిదే గానీ పెళుసు అన్నాడాయన. అన్నట్టే టిక్కుమని ముక్క ఊడి ఆమె అరచేతిలో పడింది. అంచున కాస్త పెచ్చు లేచింది. పళ్ళు తోముకునే పేస్టు మెత్తటి గుడ్డకి రాసి లోపలివైపు గుండ్రంగా రుద్దింది. రుద్దగా రుద్దగా పొర పల్చబడి, తేట వచ్చింది. ముందు ముక్క మూలల్లో మాత్రం మసక మిగిలింది. అక్కడికి గుడ్డ పోలేదు.

"ఇది వెనక్కి జరిపి పెడదామండీ. మూయద్దు."

"అతుకు తప్పించుకున్నామంటారు."

"దిగి వెళ్ళాడనుకుంటారు," అంది ఆమె. "అందుకే సీటు ఖాళీ."

ఆయన తల వంచి ఆ సీటు వైపు చూశాడు, ఏం కనబడిందో మరి. "సరే, పెట్టు," అన్నాడు.

ఆదివారం బడి హాల్లో బల్లలు వరసగా వేసి తెల్లగుడ్డలు పరిచారు. ఆ గుడ్డల మీద ఎన్ని యుద్ధాలో. ఆమె మొదటిసారి వచ్చింది. తమ బల్ల దగ్గర నిలబడి చుట్టూ చూసింది. మిగతా అన్ని విమానాల్లోనూ మూతలు మూసే ఉన్నాయి, అన్ని సీట్లూ ఖాళీయే. ఒక్క పైలటైనా లేడు. ఇంతమంది ఇళ్ళలోనూ ఒక్కో బిస్కెట్ల డబ్బా ఉంటుందన్నమాట.

కొలబద్ద టార్చిలైటు పట్టుకుని, స్టీలు స్కేలు జేబులో పెట్టుకుని వచ్చాడు. వెనకే పొగ మాస్టారు, ఇంకొందరు.

"ఓహో, మూత తెరిచేశావే! అతుకు తప్పించుకున్నావన్నమాట," అని నవ్వి, ఆమె వైపు తిరిగాడు. "అంతా చెల్లెమ్మ జిగురు చలవ!"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళింది. కాగితం పొట్లం వేళ్ళకి తగిలింది. భర్త వైపు చూసింది. ఆయన విమానం వైపు చూస్తున్నాడు. ఇక లాభం లేదు, తీద్దామని ఆమె పొట్లం పట్టుకుంది.

"జిగురు వేసింది నేను," అన్నాడాయన.

"ఏంటీ?"

"ఆవిడ తెల్లదే వేసింది, సరిగ్గానే వేసింది. పైన చిటికె జిగురు పెట్టింది నేను. మొన్న మీ ముందు అబద్ధం చెప్పాను. చీటీ కనబడలేదు నాకు. చీటీ ఏమిటి, ఏదీ సరిగ్గా కనబడటం లేదు. ఆ బెల్టులు కట్టింది ఆవిడ. మూత కోసి తీసిందీ ఆవిడే." ఓ క్షణం ఆగి, "లేత్ మీద కూడా అంతే. ఇంతకాలం నువ్వు తేడా పట్టుకుంటావనే ధైర్యంతో కోస్తున్నాను," అన్నాడు కొలబద్దతో.

కొలబద్ద టార్చి ఆర్పేశాడు. జేబులోంచి స్కేలు తీశాడు. దాన్ని ఎత్తిపట్టి, మళ్ళీ దించాడు.

"నేను పట్టుకోవడమేమిటయ్యా," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "ఈ గీతలు నాకు కనబడి ఎన్నాళ్ళయిందో. ముప్పయ్యేళ్ళ చెయ్యి కదా, నువ్వు తప్పు కొయ్యవనే ధైర్యంతో నేను సంతకాలు పెడుతున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, కనబడినంత మేరకు. ముందు ఆమెకు ఒళ్ళు జలదరించింది. వెంటనే నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది.

"మా ఇంట్లో రంగుసీసాల మీద పేర్లు చదివిపెట్టేది మా కోడలు," అన్నాడు కొలబద్ద. ఒకసారి మొదలయ్యాక ఆగేలా లేడు.

పొగ మాస్టారు దగ్గాడు. "నేను పొగ మరకలే ఎందుకు వేస్తానో మీరెవరూ ఎప్పుడూ అడగలేదు," అన్నాడు. "మరకైతే గీత దాటినా ఎవరికీ తెలీదు కదా."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం మేం," అన్నాడు ఆమె భర్త. "అయ్యేదాకా మిషను ముట్టుకోను."

"నేనూ వస్తాను," అన్నాడు కొలబద్ద. "ముందు సెలవు చీటీ నువ్వు రాయి, నేను... అదే, ఎవరో ఒకరు రాస్తారులే." అని ఆమె వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, అనరాని మాట అన్నాను. ఏమీ అనుకోకు."

ఇక ఆ పొట్లంతో ఆమెకు అవసరం తీరిపోయింది. అయినా అంత కష్టపడి చేసింది కదా, ఎవరికైనా చూపించాలనిపించింది. కాగితం విప్పి, రెండు బుడగలూ అరచేతిలో పెట్టి చాపింది. "నేనే చేసి చూశాను అన్నయ్యగారూ. ఒకటి తెల్ల జిగురుది, ఒకటి చిటికె జిగురుది. చూడండి ఎంత తేడా ఉందో," అంది.

ముగ్గురూ తలలు వంచారు. కొలబద్ద టార్చి వేశాడు. పొగ మాస్టారు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని దూరం పెట్టి, దగ్గర పెట్టి, పక్కవాడికి అందించాడు. అది ఓ చుట్టు తిరిగి వచ్చింది. అందరూ బాగుంది, బాగుంది అన్నారు.

"ఇంతకీ ఇందులో మసక పట్టింది ఏదమ్మా?" అన్నాడు కొలబద్ద.

ఇన్నిరోజులూ తనకి తిరుగులేని సాక్ష్యం అనుకుని మోసుకు తిరిగింది ఇదా! భర్త నోరు విప్పకుండా ఉండుంటే, తను ఈ పొట్లం తీసి ఎంత గట్టిగా అరిచినా ఈ ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ కనబడి ఉండేది కాదు. ఆమె భర్త వైపు చూసింది. ఆయన కూడా వంగి, కళ్ళు చికిలించి, ఆమె అరచేతిలోకి శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏదీ, నాక్కూడా చూపించు," అన్నాడు.

ఆమె ఆయన వేలు పట్టుకుని మసక పట్టినదాని మీద పెట్టింది.